అరకిలో ఖీమా, ఇంటిల్లిపాదికీ తృప్తి

అమెరికాలో పెరుగుతున్న మన పిల్లలకు బాగా తెలిసిన వంటకాల్లో ‘స్లాపీ జో’ ఒకటి. ‘స్లాపీ’ అంటే పొందిక లేనిది, చిందరవందరగా ఉండేది అని అర్థం. టమాటా గుజ్జులో ఉడికించిన గొడ్డు మాంసపు ఖీమాను గుండ్రని బన్ను మధ్య నింపి తింటారు. తింటున్నప్పుడు ఖీమా పక్కల నుంచి జారుతుంది, వేళ్ళకు అంటుకుంటుంది, పళ్ళెంలో రాలుతుంది. ఆ పేరు అందుకే అతికినట్లు సరిపోయింది.

అక్కడి పాఠశాలల భోజనశాలల్లో దశాబ్దాలుగా వడ్డిస్తున్న వంటకమిది. అయితే ఆ మాంసం సాధారణంగా జబీహా కాదు. తోటి పిల్లల పళ్ళాల్లో వేడివేడిగా ఉన్నదాన్ని చూస్తూ ఇంటి డబ్బా విప్పుకునే పసివాడికి హలాల్ అన్న మాట ‘ఇది నీకు లేదు’ అన్నట్లుగానే వినిపించే ప్రమాదముంది. వద్దని చెప్పడంతో తల్లిదండ్రుల బాధ్యత తీరిపోదు. అదే వంటకాన్ని ధర్మసమ్మతంగా ఇంట్లో వండి ముందు పెట్టగలిగినప్పుడు, అల్లాహ్ నిషేధించినవి కొన్నేనని, అనుమతించినవి లెక్కకు మించి ఉన్నాయని పిల్లలకు అనుభవంలో తెలిసివస్తుంది.

కరువు నేర్పిన వంట

ఈ వంటకం పుట్టుక గురించి పలు కథలున్నాయి. అయోవా రాష్ట్రంలోని స్యూ సిటీలో జో అనే వంటవాడు విడి ఖీమాకు టమాటా సాస్ కలిపాడన్నది ఎక్కువగా వినిపించే కథ. క్యూబా రాజధాని హవానాలోనూ, ఫ్లోరిడాలోని కీ వెస్ట్‌లోనూ అదే పేరుతో ఉన్న ప్రసిద్ధ మద్యశాలలే దీనికి మూలమని మరికొందరంటారు. పేరు ఎక్కడి నుంచి వచ్చినా, అది నిలదొక్కుకున్న కాలం మాత్రం స్పష్టం. 1929లో మొదలైన ఆర్థిక మాంద్యం అమెరికా కుటుంబాలను కుదిపివేసింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1943 నుంచి, మాంసాన్ని కూపన్ల లెక్కన పంచారు. చవకగా దొరికే ఖీమా, దానికి తోడు ఉల్లి, టమాటా, రొట్టె కలిసి కొద్ది మాంసంతోనే ఎక్కువమంది కడుపులు నింపాయి. 1969లో హంట్స్ సంస్థ ‘మాన్‌విచ్’ పేరుతో దీని సాస్‌ను డబ్బాల్లో విక్రయించడం ప్రారంభించడంతో ఇది ఇంటింటి వంట అయింది.

ఉన్న కొద్దిపాటి మాంసాన్ని అందరికీ అందేలా వండడం మనకు కొత్త కాదు. ‘ఖీమా’ అన్న పదం తుర్కీ భాషలోని ‘కియ్మా’ నుంచి వచ్చింది. సన్నగా తరిగినదని దాని అర్థం. హైదరాబాదు ఇళ్ళలో ఉదయం పూట ఖిచిడీ, ఖట్టాలతో ఖీమా వడ్డిస్తారు. శుభకార్యాల్లో చదరపు లుఖ్మీల కడుపులో దాగేదీ ఖీమాయే. ముంబయి ఇరానీ హోటళ్ళ ఖీమా పావ్ అయితే స్లాపీ జోకు దగ్గరి చుట్టమే. కూర వండేటప్పుడు నీరు కాస్త ఎక్కువ పోసి పొరుగువారికి కూడా పంచమని దైవప్రవక్త (స) అబూ జర్ (రజి)కు ఉపదేశించారు. ఉన్నదానిని విస్తరింపజేసి పదిమందితో పంచుకోవడంలోని శుభం ఆ ఉపదేశంలో ఉంది.

హలాల్ పరిశీలన మాంసంతో ఆగదు

విదేశాల్లో ఉన్నవారు జబీహా దుకాణంలో మాంసం కొనడంతోనే పని పూర్తయిందనుకోరాదు. మాంసం కొట్టే యంత్రంలో అంతకుముందు ఏమి వేశారో అడిగి తెలుసుకోవాలి. బన్ను పొట్లం మీది పదార్థాల పట్టికను చదవాలి. ‘లార్డ్’ అంటే పంది కొవ్వు. ఈ 471 సంఖ్యతో సూచించే పదార్థం మొక్కల నూనెల నుంచీ, జంతువుల కొవ్వు నుంచీ కూడా తయారవుతుంది. పిండిని మెత్తబరచే ఈ 920ని ఈకలు, వెంట్రుకల నుంచి తీసే పద్ధతి ఒకటుంది. అనుమానం ఉన్నచోట హలాల్ ధ్రువీకరణ గలదాన్నో, శాకాహార గుర్తు గలదాన్నో ఎంచుకోవడం క్షేమం.

అనేక వంట పుస్తకాలు ఇందులో వూస్టర్‌షైర్ సాస్ వేయమంటాయి. వెనిగర్‌లో ఊరిన చేపలు, చింతపండు, మసాలాలు దాని రుచికి ఆధారం. తయారీదారును బట్టి పదార్థాలు మారుతుంటాయి. అయినా మన వంటింట్లో చింతపండు ఉండగా ఆ సీసా కోసం వెతకనవసరం లేదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో గోవధ చట్టరీత్యా నిషిద్ధం కనుక ఇక్కడివారు గేదె మాంసపు ఖీమాతోనే వండుకోవాలి. మేక మాంసంతోనూ బాగుంటుంది. గేదె మాంసంలో కొవ్వు తక్కువ, పీచు ఎక్కువ. కనుక కొంచెం ఎక్కువసేపు ఉడికించాలి.

వండే విధానం

ఆరుగురికి కావలసినవి: ఖీమా అరకిలో, పెద్ద ఉల్లిపాయ ఒకటి, క్యాప్సికమ్ ఒకటి, వెల్లుల్లి రేకులు నాలుగు, బాగా పండిన టమాటాలు నాలుగు, చింతపండు గుజ్జు ఒక చెంచా, వెనిగర్ ఒక చెంచా, బెల్లం తురుము ఒక పెద్ద చెంచా, ఆవపిండి అర చెంచా, కారం ఒక చెంచా, మిరియాల పొడి అర చెంచా, తగినంత ఉప్పు, నూనె రెండు చెంచాలు, బన్నులు ఆరు.

మాంసాన్ని ముక్కలుగా ఉన్నప్పుడే కడిగించి, కళ్ళ ముందే ఖీమా కొట్టించుకోవడం మంచిది. ఇంటికి తెచ్చాక కడిగితే జల్లెడలో అరగంట ఉంచి నీరంతా వాడ్చాలి. తడి ఖీమా బాణలిలో ఉడుకుతుందే గాని వేగదు. అడుగున గోధుమ రంగు తేలితే తప్ప ఈ వంటకానికి ఆ కమ్మదనం రాదు.

వెడల్పైన బాణలిలో నూనె బాగా కాగాక ఖీమాను పరచి, రెండు మూడు నిమిషాలు కదపకుండా వదిలేయాలి. తరువాత గరిటెతో ఉండలు చిదుపుతూ పెద్ద మంట మీద వేయించాలి, మూత పెట్టరాదు. నీరు ఇంకి రంగు మారాక సన్నగా తరిగిన ఉల్లి, క్యాప్సికమ్, వెల్లుల్లి వేసి మెత్తబడనివ్వాలి. అటుపిమ్మట టమాటా గుజ్జు, చింతపండు, బెల్లం, ఆవపిండి, కారం, మిరియాల పొడి, ఉప్పు కలిపి, అరకప్పు నీరు పోసి సన్నని మంట మీద ఇరవై నుంచి ముప్ఫై నిమిషాలు ఉడికించాలి. చివర వెనిగర్ కలిపి దించాలి. వెనిగర్ మంచి వ్యంజనమని ప్రవక్త (స) మెచ్చుకున్నారు. ఇక్కడ అది బెల్లపు తీపిని అదుపులో ఉంచుతుంది. గరిటెతో తీస్తే జారిపోకుండా ముద్దగా నిలవాలి. అదే సరైన పాకం.

బన్నును అడ్డంగా కోసి, లోపలి వైపు వెన్న రాసి పెనం మీద ఎర్రగా కాల్చాలి. కాల్చని బన్ను రసం పీల్చుకుని క్షణాల్లో నానిపోతుంది. అతిథులు పెరిగితే ఉడికించిన మసూర్ పప్పు ఒక కప్పు కలపవచ్చు. రుచి చెడదు, మరో ఇద్దరికి సరిపోతుంది.

ఖీమా విషయంలో తొందర తగదు

ముక్క మాంసంపై సూక్ష్మజీవులు సాధారణంగా పైభాగాన ఉంటాయి, వేడి తగలగానే నశిస్తాయి. ఖీమా కొట్టినప్పుడు ఆ పైభాగమంతా లోపలికి కలిసిపోతుంది. 1993లో అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో సరిగా ఉడకని ఖీమా బర్గర్లు తిని వందలమంది జబ్బుపడ్డారు. నలుగురు పిల్లలు మరణించారు. ఖీమా లోపలి వేడి 71 డిగ్రీల సెల్సియస్ చేరాలని అక్కడి ఆహార భద్రతాధికారులు చెబుతారు. గులాబి రంగు ఎక్కడా కనిపించకపోతే చాలని అనుకోరాదు, రంగు మోసగించవచ్చు. పై పద్ధతిలో రసంలో బాగా మరిగిన ఖీమాకు ఆ భయం లేదు. పచ్చి ఖీమాను ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి ఉంచరాదు. వండినదాన్ని రెండు గంటల్లోగా, మన ఎండకాలంలోనైతే గంటలోగా ఫ్రిజ్‌లోకి చేర్చాలి.

దస్తర్‌ఖాన్ చుట్టూ

నేడు అనేక ఇళ్ళలో తండ్రి ఒక వేళ, పిల్లలు మరో వేళ, ఫోను తెర చూస్తూ ఎవరి పళ్ళెం వారు ముగిస్తున్నారు. బయటి నుంచి తెప్పించుకున్న పొట్లం ఈ అలవాటును మరింత పెంచుతుంది. స్లాపీ జో మాత్రం ఒంటరిగా, ఒంటి చేత్తో తినే తిండి కాదు. రెండు చేతులూ దానికే కావాలి, కనుక ఫోను పక్కన పెట్టక తప్పదు. గిన్నె మధ్యలో ఉంచి, వేడి బన్నులు అందిస్తూ ఉంటే అందరూ ఒకేసారి కూర్చోవలసి వస్తుంది.

ఖీమా రాలిందని పిల్లలను కసరవద్దు. బిస్మిల్లాహ్ అనడం, కుడి చేత్తో తినడం, తన ముందున్నదే తీసుకోవడం, పడిన ముద్దను శుభ్రం చేసి తినడం, వేళ్ళకు అంటిన ఆహారాన్ని వృథా చేయకపోవడం వంటి ప్రవక్త (స) సంప్రదాయాలన్నీ నేర్పేందుకు ఇంతకంటే అనువైన భోజనం దొరకదు. పళ్ళెంలో రాలిన ఖీమాను చివరి బన్ను ముక్కతో తుడిచి తినేవరకు భోజనం పూర్తి కాలేదని వారికి అలవాటు చేయవచ్చు.

గిన్నెలో మిగిలితే మరునాటి ఉదయం ఖిచిడీకో, రొట్టెకో తోడవుతుంది. మిగలకముందే రెండు బన్నులు నింపి పక్కింటికి పంపితే ఇంకా మంచిది.