ముల్లు ఆగిన వారాలు

స్థూలకాయానికి ఉదరకోశ శస్త్రచికిత్స చేయించుకున్నవారు తొలి వారాలలో దినదినమూ తేలికపడుతూ వస్తారు. అంతలో ఒకనాటి ఉదయం తూనిక యంత్రపు ముల్లు కదలదు. వారం గడిచినా అంతే. ఇంత బాధా, ఇంత ఖర్చూ వృథాయేనా అని గుండె జారుతుంది.

మొదట పోయినదంతా కొవ్వు కాదు. ఆహారం తగ్గగానే కాలేయంలోనూ కండరాలలోనూ నిల్వ ఉన్న గ్లైకోజెన్ ఖర్చవుతుంది. దానితోపాటు సుమారు మూడింతల నీరూ పోతుంది. కొన్ని వారాలకు ఆ నిల్వ, ఆ నీరు కొంత తిరిగి చేరుతాయి. కొవ్వు కరుగుతూనే ఉంటుంది. త్రాసుకు ఆ భేదం తెలియదు.

నెలల తరువాత వచ్చే నిలకడకు కారణం వేరు. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది యువకులను ఆరు నెలలు అర్ధాకలితో ఉంచి పరిశీలించాడు. చిక్కిన కొద్దీ వారి శరీరాలు పొదుపు నేర్చాయి. విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తి ఎంతో తగ్గింది. శస్త్రచికిత్స పొందిన దేహమూ ఇట్లే పొదుపు చేస్తుంది.

కనుక తిండి మరింత తగ్గించడం అవివేకం. కండ కూడా కరిగిపోతుంది. ముందు గుడ్డో, పెరుగో, పప్పో తిని, అన్నం తరువాత ముట్టవలె. (మన పప్పన్నంలో పప్పు పాలెంతో అందరికీ తెలిసినదే!) నడక, కండరాలకు పని కల్పించే వ్యాయామం మానరాదు. రోజూ తూచుకొనడం కన్నా వారానికొకసారి నడుముకు టేపు చుట్టి చూడడం మేలు. ముల్లు కదలని వారాలలోనే రవిక వదులు కావడం కద్దు.