ఎండవెలుగులో కోలారు శిలలు

మాఘమాసమున ఒక ఆదివారమునాడు ప్రొద్దు పొడుచుచుండగనే మేము కొందరము కోలారు పురాతన కట్టడములను చూడ బయలుదేరితిమి. పాతరాళ్ళను చదువగోరువారు తెల్లవారి పోవలెనని మా ఉపాధ్యాయులు చెప్పిరి. వందల ఏండ్ల గాలివానలకు అరిగిన అక్షరములు మిట్టమధ్యాహ్నమున కానరావు. ఉదయమున కిరణములు ఏటవాలుగా పడునపుడు ప్రతి గీతలోను సన్నని నీడ నిలుచును. ఆ నీడవలననే అక్షరము కంటికి తెలియును.

కోలారునకు పూర్వనామము కువలాలపురము. క్రీ. శ. 4వ శతాబ్దమున పశ్చిమ గంగరాజులకు ఇది తొలి రాజధాని. పిమ్మట వారు కావేరీతీరమందలి తలకాడునకు తరలిపోయిరి.

మొదట కోలారమ్మ గుడికి పోతిమి. అచటి శిలలపై చోళరాజుల నాటి తమిళ శాసనములు గలవు. వానిలో కొన్ని 11వ శతాబ్దమున రాజేంద్రచోళుని కాలమునాటివి. మాలో ఇంట తమిళము మాటలాడు మిత్రుడొకడు ఉత్సాహముతో ముందునకు వచ్చెను. ఐదారక్షరములు గుర్తుపట్టెను గాని, ఒక్క మాటయైన పూర్తిగా చదువలేక సిగ్గుపడెను. వేయేండ్లలో లిపి అంత మారినది. ఇట్టి శాసనములు సాధారణముగా దానపత్రములు. గుడికి ఇచ్చిన భూమి యెంత, దీపమునకు నేయి యెంత, సేవకులకు ధాన్యమెంత అని వ్రాయించి, నలుగురును చూచునట్లు రాతిపై నిలుపుచుండిరి.

సమీపముననే సోమేశ్వరాలయము. ఇది విజయనగర శైలిలో కట్టబడినది. కల్యాణమండపపు స్తంభములపై ఎండ ప్రాకుకొలది బొమ్మలు ఒక్కొక్కటిగా బయటపడుచుండెను. పట్టణముననే మక్బరా గలదు. హైదరాలీ తండ్రియైన ఫతే మహమ్మదు సమాధి అందున్నది. 1761 నుండి మైసూరు నేలిన హైదరాలీ ఈ జిల్లాలోని బూదికోటలో జన్మించినవాడే.

ఈ జిల్లా శాసనములను బి. ఎల్. రైస్ సేకరించి, 1905లో ‘ఎపిగ్రాఫియా కర్ణాటికా’ 10వ సంపుటముగా ప్రకటించెను. అందు కన్నడ, తమిళ శాసనములతోపాటు తెలుగువియు గలవు. తెలుగు, కన్నడ లిపులు వేయేండ్ల క్రిందట ఒక్కటిగనే యుండెను. కన్నడనాట తెలుగు చదువు మనకు ఈ సంగతి మిక్కిలి ముఖ్యము. ఈ నేలపై మన భాష నిన్న వచ్చినది కాదు. ఇది ఒక్క మన భాషకే చెందిన నేలయు కాదు. ఒక్క భాషయే నేర్చినవానికి ఈ పట్టణపు చరిత్రలో ఒక పాలు మాత్రమే తెలియును.

మధ్యాహ్నమునకు శతశృంగపర్వతమెక్కి అంతరగంగను చేరితిమి. రాతి బసవని నోటినుండి జారు చల్లని నీరు త్రాగి, నీడన కూర్చుండి పట్టణమువైపు చూచితిమి. ఆ వేళకు గుడి రాళ్ళపై మేము పొద్దున చూచిన అక్షరములు మరల మరుగై యుండును.

సోదర విద్యార్థులారా! శాసనములపై సున్నము పూసినను, పేర్లు గీసినను, చెరిగిన వ్రాత తిరిగి రాదు. ఏ ఊరిలోనైనను అట్టి పని కంటబడినచో పెద్దలతో చెప్పుడు. ఒక ఉదయము మీరును వచ్చి, ఎండ ఏటవాలుగా నున్నపుడే ఈ రాళ్ళను చూడుడు.