బెండ: రకం చూసి, రోజు లెక్కించి కోయాలి

బెండకాయ ముదిరినా, బ్రహ్మచారి ముదిరినా పనికిరావని సామెత. జమ్మలమడుగు వైపు నుంచి ప్రొద్దుటూరు మార్కెట్టుకు కాయలు తెచ్చే చిన్న రైతుకు ధర తెగేది ఈ ముదురు దగ్గరే.

పొడవు ఒక్కటే చూసి లేత, ముదురు తేల్చరాదు. పువ్వు విచ్చిన 5-6 రోజులకు కాయ కోతకొస్తుంది. ఆపైన పీచు పెరిగి గింజ గట్టిపడుతుంది. పొట్టికాయ రకాలు పెద్దగా సాగకముందే పీచు పడతాయి. అర్క అనామిక వంటి పొడవుకాయ రకాలు కొంత సాగినా లేతగానే ఉంటాయి. అనుమానముంటే కొన వంచి చూడండి. పుటుక్కున విరిగితే లేత, విరగకుండా వంగితే ముదురు.

రోజు మార్చి రోజు కోత తప్పనిసరి. ముదురు కాయలు చెట్టు మీదే వదిలితే కొత్త కాపు తగ్గుతుంది. వాటినీ కోసేయండి, కానీ లేత కాయల గంపలో కలపకండి.

రైతు సోదరులు విత్తనం కొనేటప్పుడే పల్లాకు తెగులును తట్టుకునే రకమా అని అడగాలి. తెల్లదోమ మోసుకొచ్చే ఈ వైరస్ తెగులు సోకితే కాయలు పసుపు తిరిగి, గిడసబారి, గట్టిపడతాయి. అప్పుడు వేళకు కోసినా ధర పలకదు. ఒకప్పుడు ఈ తెగులును తట్టుకున్న పూసా సవాని తరువాత లొంగిపోయింది. కనుక పాత పేరును నమ్మి విత్తనం తేకండి.