కనిపించని బంతిని చూపించేదెలా?

రేడియోలో హాకీ కామెంటరీ ఎందుకంత కష్టం? క్రికెట్‌లో బంతికీ బంతికీ మధ్య ఊపిరి తీసుకునే వ్యవధి ఉంటుంది. హాకీలో ఆ వెసులుబాటు లేదు. 22 మంది, దాదాపు 91 మీటర్ల పొడవున్న మైదానం. ఒకరి పేరు పలికేలోపే బంతి ఇంకొకరి స్టిక్‌కు చిక్కుతుంది.

అందుకే కామెంటేటర్ ప్రతి పాస్‌నూ చెప్పడు. బంతి ఎవరి దగ్గరుంది, ఏ వైపునుంది, గోల్ ముందుండే అర్ధవలయం ‘డి’కి ఎంత దూరంలో ఉంది అన్నవి చాలు. మిగతాది గొంతు చూసుకుంటుంది. బంతి గోల్‌ను సమీపించేకొద్దీ స్వరం పెరుగుతుంది, మాటలు పరుగెడతాయి. వంటింట్లో ఉన్నవాళ్లు కూడా రేడియో దగ్గరకు వచ్చేది అప్పుడే!

1975 మార్చి 15, కౌలాలంపూర్. ప్రపంచ కప్ ఫైనల్లో భారత్, పాకిస్తాన్ 1-1తో సమంగా ఉన్నాయి. హాకీ దిగ్గజం ధ్యాన్‌చంద్ కుమారుడు అశోక్ కుమార్ కొట్టిన బంతి గోల్‌పోస్టు మూలకు తగిలి చటుక్కున వెనక్కి వచ్చేసింది. గోలా, కాదా? పాకిస్తాన్ ఆటగాళ్లు ఒప్పుకోలేదు. అంపైర్ మాత్రం గోలే అన్నాడు.

చూసేవాళ్లకే అయోమయమైతే వినేవాళ్లకు చెప్పేదెలా? అలాంటప్పుడు అంపైర్ చేతుల్ని చూడాలి. రెండూ మైదానం మధ్యకు చూపితే గోల్. ఆ మ్యాచ్‌ను ఆకాశవాణిలో హిందీలో వినిపించింది జస్‌దేవ్ సింగ్. టీవీలో చూద్దామన్నా, హైదరాబాద్‌కు దూరదర్శన్ కేంద్రం వచ్చింది 1977లో. అప్పటిదాకా ఇక్కడివాళ్లకు రేడియోనే స్టేడియం.