ఒక సంస్థానము - రెండు గట్లు



పాల్వంచ సంస్థానమను మాట మన పెద్దల నోట తఱచుగా వినబడుచుండును. అశ్వారావు వంశీయుల ఈ ఎస్టేటు పూర్వము గోదావరి కిరుప్రక్కల వ్యాపించి యుండెను. అశ్వారావుపేట వారి పేరనే వెలసినది. 1324లో ఢిల్లీ ప్రభువు అనపాశ్వారావునకు ఈ సీమ నొసగెనని వంశకథ. అది కథయే కావచ్చును. తరువాతి విషయములు మాత్రము కాగితముల కెక్కినవి.

జమీందారీ చరిత్ర మనగా కోటగోడల చరిత్ర మని పలువురు తలంతురు. ఈ ఎస్టేటు గతిని నిర్ణయించినది కోట గాదు, గోదావరి. కాటను దొర యోచన ననుసరించి ఎగువ గోదావరిలో పడవలు నడుపదలచి, ఆంగ్లేయులు 1860 సంధిలో ఎడమగట్టునగల భద్రాచలము, రేకపల్లి తాలూకాలను నిజామునుండి పుచ్చుకొనిరి. కుడిగట్టున పాల్వంచ నిజాము క్రిందనే నిలిచెను. పడవలదారి పని 1871లో విడువబడెను. విభజనము మాత్రము నిలిచిపోయెను.

1874లో ఎడమగట్టు మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరెను. పోడు సేద్యముపై నిర్బంధములు, పన్నులు హెచ్చెను. 1879లో రంప పితూరీ రేకపల్లికిని ప్రాకెను.

భూమి విషయమునను భేద మేర్పడెను. కొండజాతివారి భూమి ఏజెంటు అనుమతి లేక పరులకు చెందరాదని మద్రాసువారు 1917లో శాసించిరి. ఆ శాసనము ఏటికి ఆవల వర్తించెను, ఈవల వర్తింపలేదు. తుదకు జమీందారీ సైతము రెండు శాసనములచే తొలగెను: ఎడమగట్టున 1948 నాటి మద్రాసు చట్టము, కుడిగట్టున 1949 నాటి హైదరాబాదు జాగీర్ల రద్దు.

1959లో భద్రాచలము ఖమ్మము జిల్లాలో కలిసెను. ఆ యేటనే ఆంధ్రప్రాంతమున వచ్చిన భూబదలాయింపు నిబంధన 1963లో తెలంగాణపు షెడ్యూలు ప్రాంతములకు విస్తరింపబడుటతో, నూరేండ్లకు పైగా విడిపోయిన రెండు గట్లకు ఈ విషయమున ఒకే న్యాయ మేర్పడెను. 2014లో ఎడమగట్టు పల్లెలు పెక్కు ఆంధ్రప్రదేశమున చేరుటచే ఎల్ల మరల మారినది.

నేను బడి విడిచిన పిదపను, పాత కాగితములు చదివించుకొన నా యొద్దకు వచ్చువారు కలరు. వారిని నేను ముందుగా అడుగునవి రెండే: ఈ భూమి ఏ గట్టున నున్నది? కాగితము ఏ యేటిది? ఈ రెండును తెలియక ఏ శాసనము వర్తించునో చెప్పుట తగదు. పంచాయతీలలో కూర్చుండు పెద్దలు తీర్పునకు ముందు వీనిని విచారింతురుగాక. మీ పెట్టెలలోని శిస్తు రసీదులను, పట్టాలను చెదలపాలు చేయక, వాని కథను మనుమలకు చెప్పుడు.

స్వస్తి.