దయ్యాల గేముకు ముఖచిత్రం ఎలా ఉండాలి?

మన సంఘాల కుటుంబాల్లో ఇప్పుడు కొందరు పిల్లలు కంప్యూటర్ గేములు ఆడటంతో ఆగక, ఇద్దరు ముగ్గురు కలిసి సొంతంగా తయారు చేసే పనిలో పడ్డారు. అందులోనూ దయ్యాల గేములంటే వాళ్లకు మోజు. గేము లోపలి సంగతులు మన తరానికి అంతగా తెలియకపోవచ్చు. దాని ముఖచిత్రం గురించి అడిగితే మాత్రం మనం చెప్పగలిగింది ఉంది. చందమామ చూసి పెరిగినవాళ్లం కదా.

ముందు ఈ బొమ్మ ఎక్కడ కనబడుతుందో చూద్దాం. కంప్యూటర్ గేములు అమ్మే పెద్ద అంగడి స్టీమ్. అమెరికాలోని వాల్వ్ కంపెనీది. ఒక గేమును అక్కడ పెట్టడానికి 100 డాలర్లు కట్టాలి. రాబడి 1,000 డాలర్లకు చేరాక ఆ సొమ్ము తిరిగి ఇస్తారు. ముఖచిత్రాన్ని ఒక్క కొలతలో ఇస్తే చాలదు. అడ్డంగా ఉండేది 920 × 430 పిక్సెళ్లు, చిన్నది 462 × 174, నిలువుది 748 × 896, కొన్నవాళ్ల లైబ్రరీలో కనబడేది 600 × 900. ఆ చిన్నదాన్ని స్టీమ్ వాళ్లే ఇంకా కుదించి 120 × 45 దాకా తెస్తారు. తెర మీద దాన్ని బొటనవేలితో మూసేయొచ్చు. దరఖాస్తు మీద ఫోటో అంటించే గడి దీనికన్నా పెద్దది.

పిల్లల రెండేళ్ల కష్టం కొనేవాడి కంటికి మొదట ఆ బొటనవేలంత బొమ్మగానే కనబడుతుంది. నచ్చితే నొక్కుతాడు, లేకపోతే కిందికి వెళ్లిపోతాడు.

పిల్లలు సాధారణంగా ఏం చేస్తారంటే, గేములో ఉన్నవన్నీ అట్ట మీదికి ఎక్కిస్తారు. పాడుబడ్డ బంగళా, మర్రిచెట్టు, చందమామ, తెల్లచీర దయ్యం, టార్చి పట్టుకున్న హీరో, గోడల మీద రక్తం, ఆ రక్తం కారుతున్నట్టు రాసిన పేరు. పెద్ద తెర మీద బాగానే ఉంటుంది. 120 పిక్సెళ్లకు కుదిస్తే మసిగుడ్డలా కనబడుతుంది.

బేతాళ కథలకు శంకర్ గారు చందమామలో వేసిన బొమ్మ గుర్తు తెచ్చుకోండి. ఒక చేతిలో కత్తి, భుజం మీద శవం, నడుస్తున్న రాజు. 1947లో మద్రాసులో మొదలైన ఆ పత్రికలో తమిళుడైన శంకర్ గారి గీత మన ఇళ్లలో ఎన్ని తరాల పిల్లలకు తెలుసో లెక్కలేదు. పేరు చదవకముందే అది ఏ కథో తెలిసిపోయేది. ఒక మనిషి మీద ఇంకో మనిషి బరువు, ఆ ఆకారం ఒక్కటి చాలు. దాన్ని మొత్తం నల్లగా పులిమేసినా గుర్తుపట్టవచ్చు. ఇంకో సంగతి: ఆ బొమ్మలో శవం ఏమీ చేయడం లేదు. ఊరికే వేలాడుతోంది. అది ఇక మాట్లాడబోతోందని మనకు తెలుసు, భయమంతా అక్కడే ఉంది.

మంచి దయ్యాల గేములకు పని చేసింది కూడా ఇదే. డెన్మార్క్‌లో ప్లేడెడ్ అనే చిన్న సంస్థ 2010లో తెచ్చిన 'లింబో' చూడండి. నల్లటి అడవి, నల్లటి పిల్లవాడు, మెరిసే రెండు తెల్ల కళ్లు. రంగే లేదు. 2014లో స్కాట్ కాథన్ ఒక్కడే కూర్చుని చేసిన 'ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్'కు గుర్తు ఒక ఎలుగుబంటి బొమ్మ ముఖం. పిల్లలను నవ్వించాల్సిన బొమ్మ చీకట్లోంచి మనవైపు చూస్తుంది. రక్తంతో పని పడలేదు. చిన్న కొలతలో రక్తం ఎర్ర మరకే, దాన్ని చూసి ఎవరూ జడవరు.

చీకటి గురించి ఒక హెచ్చరిక. స్టీమ్ పేజీ రంగే ముదురు నీలం. దాని మీద నల్లటి బొమ్మ పెడితే అంచులు కలిసిపోయి అక్కడ ఏదో ఖాళీ ఉన్నట్టు కనబడుతుంది. భయపెట్టే బొమ్మకు కూడా ఒక పక్కనుంచి వెలుగు పడాలి. మీ వాళ్ల బొమ్మను వేరే ఇరవై దయ్యాల గేముల బొమ్మల మధ్య అతికించి, కుర్చీ వెనక్కి జరిపి చూడమనండి. వాటిలో చాలావాటికి నలుపూ ఎరుపే. కాబట్టి మూడో రంగు దేనికుంటే కన్ను దాని మీదికి పోతుంది.

బొమ్మ అబద్ధం చెప్పకూడదు కూడా. మెల్లగా సాగే కథకు కత్తి పట్టుకుని తరిమే రాక్షసుడి అట్ట వేస్తే, పరుగులాట కోసం వచ్చినవాడు విసుక్కుంటాడు. కొన్న 14 రోజుల లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడితే స్టీమ్ డబ్బు వాపసు ఇస్తుంది. చిన్న గేములు చాలావరకు ఆ రెండు గంటల దరిదాపుల్లోనే అయిపోతాయి. ఆశ పెట్టి పిలిచినవాడు డబ్బు వెనక్కి తీసుకుని, పేజీలో నాలుగు చెడ్డ మాటలు కూడా రాసి పోతాడు.

ఇక మన సంగతి. 1990లలో బెంగళూరులో ఉన్నవాళ్లకు ఇళ్ల తలుపుల మీద 'నాళె బా' అని రాసిన రోజులు గుర్తుండే ఉంటాయి. ఆంధ్రలో అదే 'ఓ స్త్రీ రేపు రా' అయింది. రాత్రిపూట ఇంట్లోవాళ్ల గొంతుతో పిలిచే దయ్యం ఆ రాత చదువుకుని వెళ్లిపోతుందట. మర్నాడు వచ్చి మళ్లీ అదే చదువుతుందట. 2018లో వచ్చిన హిందీ సినిమా 'స్త్రీ'కి ఊతం ఈ కథే. దయ్యానికి చదువు వచ్చని నమ్మిన జనం మనం. బెంగళూరు దయ్యానికి తెలుగు చదవడం వచ్చా అన్నది వేరే ప్రశ్న, నిజానికి మంచి గేము ఆ ప్రశ్నలోనే ఉందని మాకు అనిపిస్తుంది. ఇండోనేషియాలోని బాండుంగ్‌లో తయారై 2014లో వచ్చిన 'డ్రెడ్‌అవుట్' నిండా అక్కడి జనం చెప్పుకునే దయ్యాలే. తైవాన్ వాళ్ల 'డిటెన్షన్' 2017లో వచ్చింది, 1960ల నాటి వాళ్ల బడిలో జరుగుతుంది. వాళ్లు అమెరికా జాంబీలను అరువు తెచ్చుకోలేదు.

ఈ కథకే అట్ట వేయాలనుకోండి. దయ్యాన్ని గీయనక్కరలేదు. మూసిన తలుపు, పసుపు రాసిన గడప, తలుపు మీద సుద్దముక్కతో రాసిన అక్షరాలు. పసుపు రంగు ఆ ముదురు నీలం మీద ఎగిరి కనబడుతుంది, ఇందాక చెప్పిన మూడో రంగు అదే. పెద్ద కొలతలో తలుపు కింద సందులో వెనక్కి తిరిగిన పాదాలు పెట్టవచ్చు, రెండోసారి చూసినవాడికి తెలుస్తాయి. చిన్నదాంట్లో అవి వద్దు, మడమేదో వేళ్లేవో తేలదు.

అక్షరాల దగ్గర అసలు చిక్కు ఉంది. ఇంగ్లీషు పెద్దక్షరాలు ఇచ్చిన ఎత్తంతా వాడుకుంటాయి. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, వాటికి చోటు వదిలితే అసలు అక్షరానికి మిగిలేది సగమే. 'స్త్రీ' మూడంతస్తుల మేడ. 45 పిక్సెళ్ల ఎత్తులో అది చుక్కగా మారిపోతుంది. 'రేపు రా'లో ఒక్క ఒత్తూ లేదు. పేరు పెట్టేటప్పుడే ఈ లెక్క చూసుకుంటే మంచిది. 2022 సెప్టెంబరు నుంచి స్టీమ్‌లో ముఖచిత్రం మీద బొమ్మ, గేము పేరు, ఉంటే ఉపశీర్షిక తప్ప వేరే రాత ఉండకూడదు. బహుమతులు, పొగడ్తలు, తగ్గింపు ధరలు ఏవీ కుదరవు. తలుపు మీది మాటే గేము పేరైతే ఈ నియమంతో పేచీ రాదు.

తెలుగు సంఘం కార్యదర్శిగా ఇది రాయడం మాకు ఇష్టంగా లేదు గానీ, అతి చిన్న బొమ్మలో ఇంగ్లీషు అక్షరాల పేరు ఒక్కటే ఉండనివ్వండి. కొనేవాడు పోలండ్‌లోనో బ్రెజిల్‌లోనో ఉంటాడు, పేరు చదవలేకపోతే మళ్లీ వెతుక్కోలేడు. పెద్ద కొలతలన్నిటిలో మాత్రం తెలుగు తలుపు మీద నిండుగా ఉండాలి, మూలన అలంకారంగా కాదు. మనవాళ్లే మన లిపిని మూలకు నెడితే బయటివాడు ఎందుకు చూస్తాడు?

గూగుల్ ప్లేలో పెడితే 512 × 512 చతురస్రపు గుర్తు ఇవ్వాలి, అందులో తలుపు సందు ఒక్కటి చాలు. బొమ్మను ఏఐతో చేయించుకుంటామంటే, 2024 జనవరి నుంచి ఆ మాట స్టీమ్‌కు తెలియజేయాలి. పైగా అలాంటి బొమ్మల్లో తెలుగు ఒత్తులు తలకిందులుగా రావడం మీరే వాట్సాప్ శుభాకాంక్షల్లో చూస్తున్నారు.

దానికన్నా మంచి దారి మన ఊళ్లలోనే ఉంది. బరంపురంలోనో షోలాపూర్‌లోనో హోసూరులోనో బోర్డులు రాసే పాత పెయింటర్లలో తెలుగు బాగా రాసేవాళ్లు ఉంటే, నిజం తలుపు చెక్క మీదే 'రేపు రా' అని రాయించి ఫోటో తీసుకోండి. కూలి ముందే మాట్లాడుకోండి. ఆ రాతను గేముకు, పోస్టర్లకు వాడుకునే హక్కు ఇస్తున్నట్టు ఒక కాగితం మీద సంతకం కూడా తీసుకోండి. ఒక కాపీ ఆయన చేతికి ఇవ్వండి.