మార్కుల కాయితంలో లేని పాఠాలు



చదవేస్తే ఉన్న మతి పోయిందని సామెత. పోయిన వేసవి సెలవుల్లో అది నా కోసమే పుట్టిందేమో అనిపించింది.

మాది ఆళ్లగడ్డ దగ్గర నల్లమల అంచున ఒక తండా. మా నాయన తన కూలి డబ్బులు తీసుకోవడానికి నంద్యాలలో ఒక బ్యాంకుకు పోతూ నన్ను తోడు తీసుకుపోయినాడు. "మావాడు తొమ్మిదికొచ్చినాడు, ఫారం వాడే రాస్తాడు" అని బస్సులో పక్కాయనకు చెప్పినాడు. బారువడ్డీ, చక్రవడ్డీ లెక్కల్లో నాకు 50కి 46 మార్కులు. కానీ డబ్బు తీసే ఫారం చేతికిస్తే ఏ గడిలో ఏం రాయాలో తెలియలేదు. రెండు ఫారాలు కొట్టివేతలతో పాడు చేసినాను. మూడోది అడగడానికి నోరు రాలేదు. చివరికి క్యూలో ఉన్న ఒక పెద్దాయన రాసిచ్చినాడు. మా నాయన నన్ను ఒక్క మాట అనలేదు. తిరుగు బస్సులో మాత్రం ఎవరితోనూ మాట్లాడలేదు.

ఎందుకిట్లా జరిగింది?

టౌను పిల్లలు ఇవన్నీ బడిలో కాదు, ఇంట్లో నేర్చుకుంటారు. నాయన వెంట బ్యాంకుకు, అమ్మ వెంట బజారుకు పోయి చూస్తారు. మనం చిన్న తరగతుల్లోనే హాస్టలుకు వస్తాం. ఏడాదిలో పది నెలలు ఇక్కడే. తండాలో ఉంటే సేద్యం, పశువుల పని నేర్చుకునేవాళ్లం, అదీ తప్పిపోయింది. నా పక్క మంచం మిత్రుడు చెంచు గూడెం నుంచి వచ్చినాడు. వాళ్ల తాత కొండ చరియకు తాడు కట్టి దిగి తేనె తీస్తాడు. వీనికి ఆ తాడు కట్టడమూ రాదు, బ్యాంకు ఫారమూ రాదు. "నేను రెండు పక్కలా ఫెయిలు" అని నవ్వుతాడు. నాకు నవ్వు రాలేదు. మనకు బడీ, ఇల్లూ ఒకటే. కాబట్టి ఇల్లు నేర్పేది కూడా బడే నేర్పాలి.

ఇది కొత్త మాట కాదు. చేతిపని ద్వారా చదువు రావాలని గాంధీజీ 1937లో వార్ధా విద్యా విధానంలో చెప్పినారు. ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర చూడండి. పిల్లవాడు ముందు పక్కన కూర్చుని చూస్తాడు, తర్వాత ఉలి పడతాడు, తప్పు చేసి దిద్దుకుంటాడు. చూసి, చేసి నేర్చినది మరిచిపోము.

గురుకులం తలుచుకుంటే ఏం చేయగలదో మాలావత్ పూర్ణ కథ చెబుతుంది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం గిరిజన కూలీల బిడ్డ. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. భువనగిరి గుట్ట మీద, డార్జిలింగ్‌లో శిక్షణ పొంది 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. తాడు పట్టి కొండ ఎక్కడం ఏ వాచకంలోనూ లేదు. అందరం ఎవరెస్టు ఎక్కనక్కర లేదు. కౌంటరు ముందు తల ఎత్తి నిలబడితే చాలు.

ఏమేమి నేర్పాలి?

1. ఫారం రాయడం. సెలవుల తర్వాత లెక్కల సారును అడిగి తెలుసుకున్నాను. తేదీ, పేరు, ఖాతా నంబరు పాసుబుక్కు చూసి అట్లే దించాలి. మొత్తం అంకెల్లోనూ, అక్షరాల్లోనూ రాసి చివర "మాత్రమే" అని రాయాలి, లేకుంటే ఖాళీలో ఎవరైనా కలపవచ్చు. సంతకం బ్యాంకులో ముందు ఇచ్చినట్టే ఉండాలి. ఖాళీ ఫారం మీద ఎప్పుడూ సంతకం చేయరాదు.

2. అడగడం. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. ప్రభుత్వ ఆఫీసును తెల్లకాయితం మీద రాసి అడిగితే మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. చట్టం ఉన్నా, అడిగే నోరు లేకుంటే ఏం లాభం?

3. ప్రాణం కాపాడడం. పాము కరిస్తే కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు. కరిచిన కాలు, చెయ్యి కదలకుండా ఉంచి 108కి ఫోను చేయాలి. మంత్రాల దగ్గర గంట పోగొట్టుకోకూడదు. విషానికి విరుగుడు సూది ఆసుపత్రిలోనే ఉంటుంది.

4. జమాఖర్చు. హాస్టలు బియ్యం, పప్పు, కూరగాయల లెక్క నెలకు ఇద్దరు విద్యార్థులు సారు పక్కన కూర్చుని రాయాలి.

5. మన విద్య. అడవి చెట్లు, తేనె, విత్తనాలు తెలిసిన పెద్దవాళ్లను గూడేల నుంచి, తండాల నుంచి పిలిపించి వాళ్ల చేత పాఠం చెప్పించాలి. అప్పుడు మన తాతలూ గురువులేనని మనకు తెలుస్తుంది.

ఎట్లా నేర్పాలి?

దీనికి పెద్ద ఖర్చు లేదు. శనివారం సాయంత్రం ఆటల తర్వాత ఒక గంట చాలు. ఫారం బోర్డు మీద గీసి ఒక్కొక్కరి చేత పూర్తి చేయించాలి. నెలకు అయిదుగురిని పోస్టాఫీసుకు తీసుకుపోతే ఏడాదికి ఒక తరగతి పూర్తవుతుంది. పరీక్షలు పాడవుతాయని కొందరు సార్లు అనవచ్చు. వారానికి ఒక గంటతో పరీక్ష పోదు. ఆ గంట లేక నేను మా నాయన ముందు తల దించుకున్నాను.

వార్డెన్ సార్లకు ఇదే మా మనవి. దసరా సెలవుల్లో మా నాయన మళ్లీ నంద్యాలకు పోతాడు. నేనూ పోతాను. ఈసారి ఫారం నేనే రాస్తాను. క్యూలో ఎవరికైనా రాయడం రాకుంటే వాళ్లకూ రాసిపెడతాను.

– తొమ్మిదో తరగతి విద్యార్థి